హ్యాడ్ బెటర్: సలహానా, హెచ్చరికా? ‘బెటర్’ అనే మాట సంగతి

నీలిసిరా
మా టీమ్‌లో ఒకాయన నాకు మెయిల్ పెట్టారు. అందులో ఒక వాక్యం: “యూ హ్యాడ్ బెటర్ చెక్ ద ఫైల్ బిఫోర్ ద మీటింగ్.” మీటింగుకి ముందు ఫైలు ఒకసారి చూసుకుంటే మంచిది అని చెబుతున్నారనుకున్నాను. పక్క సీటావిడ అదే వాక్యం చదివి “ఏంటి, నీ మీద అంత కోపంగా ఉన్నాడు?” అంది. మా ఇద్దరిలో ఎవరు సరిగ్గా చదివినట్టు? ఇంకో డౌటు కూడా ఉంది. హ్యాడ్ అంటే భూతకాలం కదా, రేపటి మీటింగ్ గురించి మాట్లాడేచోట దానికేం పని? బెటర్ అంటే ‘కంటే మంచిది’ అంటారు. ఇక్కడ దేనికంటే?

చాక్‌పీసు
మీ పక్క సీటావిడ ఇంగ్లీషు చెవితో చదివారు, మీరు తెలుగు చెవితో చదివారు. రాసినాయన మనసులో ఏముందో ఆయనకే తెలియాలి.

హ్యాడ్ బెటర్ వెనక ‘చేయకపోతే ఇబ్బంది పడతావు’ అనే ముక్క పైకి చెప్పకుండానే ఉంటుంది. “యూ షుడ్ చెక్ ద ఫైల్” అంటే చూసుకోవడం మంచి పద్ధతి అని. “యూ హ్యాడ్ బెటర్ చెక్ ద ఫైల్” అంటే చూసుకోకపోతే మీటింగులో ఏదో జరుగుతుంది, తర్వాత నన్ననొద్దు అని. అందుకే తల్లిదండ్రులు పిల్లలతో అంటారు, దగ్గరి స్నేహితులు ఒకరితో ఒకరు అంటారు. పై అధికారికీ కస్టమర్‌కీ రాస్తే మాత్రం మొహం మీద వేలు చూపించినట్టే ఉంటుంది. మన గురించి మనం అనుకుంటే ఏ గొడవా లేదు. “ఐ హ్యాడ్ బెటర్ గో నౌ” అంటే ‘ఇక బయల్దేరాలి’ అనే.

మీ మూడో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. దేనికంటే బెటర్? చేయకపోవడం కంటే.

వ్యాకరణం వరకు: దీని తర్వాత వచ్చేది మూల క్రియ మాత్రమే. హ్యాడ్ బెటర్ గో. ‘టు గో’ కాదు, ‘గోయింగ్’ కాదు, ‘వెంట్’ అసలే కాదు. వద్దని చెప్పాలంటే నాట్ బెటర్ తర్వాత వస్తుంది: హ్యాడ్ బెటర్ నాట్ గో. ఎప్పటికీ వర్తించే నీతులకి దీన్ని వాడరు. ‘పెద్దల్ని గౌరవించాలి’ అనడానికి షుడ్ సరిపోతుంది. హ్యాడ్ బెటర్ అనేది ఇప్పుడు, ఇక్కడ, ఈ ఒక్క పని గురించి.

మూడోబెంచీ
సినిమాల్లో అందరూ “యూ బెటర్ రన్” అంటారు కదా సార్. హ్యాడ్ ఎక్కడికి పోయింది?

చాక్‌పీసు
మాటల వేగంలో అరిగిపోయింది. హ్యాడ్ ముందు ’డ్ అయింది, “యూడ్ బెటర్” అన్నారు. ఆ ’డ్ కూడా పక్కనున్న ‘బ’ శబ్దంలో కలిసిపోయి వినబడకుండా పోయింది. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. రాసేటప్పుడు ’డ్ ఉంచండి. అది వుడ్ కాదు, హ్యాడ్ అని కూడా గుర్తుంచుకోండి. పరీక్షల్లో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

శబ్దశాల
హ్యాడ్‌కి అక్కడ ఏం పని అని నీలిసిరా గారు అడిగారు. నాకు ఇష్టమైన సంగతి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, భరించండి.

పాత ఇంగ్లీషులో ఈ వాక్యానికి ఇప్పుడున్న కర్త లేడు. “నాకు ఫలానా పని మేలుగా ఉండును” అన్న పద్ధతిలో ఉండేది. మనిషి చతుర్థిలో, అంటే ‘నాకు, నీకు’ అనే రూపంలో; క్రియ ‘వర్’. అచ్చం మనం “నీకే మేలు” అన్నట్టు. కాలం గడిచేకొద్దీ ‘నాకు’ కాస్తా ‘నేను’ అయింది. షేక్‌స్పియర్ నాటకాల్లో ‘ఐ వర్ బెటర్’, ‘యూ వర్ బెస్ట్’ లాంటి మాటలు కనిపిస్తాయి. ఈ ‘వర్’ పక్కనే ‘హ్యాడ్’ కూడా నడుస్తూ వచ్చి, చివరికి అదొక్కటే మిగిలింది.

ఆ హ్యాడ్ భూతకాలం రూపంలో ఉన్నా చెప్పేది ఊహ. ‘ఇఫ్ ఐ వర్ యూ’ లో వర్ చేసే పనే ఇక్కడ హ్యాడ్ చేస్తోంది. ఇది మనకి వింతగా అనిపించాల్సిన పని లేదు. “రేపు వాన వచ్చిందనుకో, ఏం చేస్తావ్?” అంటాం. ‘వచ్చింది’ భూతకాలం, ‘రేపు’ భవిష్యత్తు. ఏ తెలుగువాడూ ఈ వాక్యం దగ్గర తడబడడు.

ఈ సంగతి అంతుపట్టక కొందరు పాత వ్యాకరణవేత్తలు హ్యాడ్ బెటర్ తప్పు, వుడ్ బెటర్ అనాలి అని పట్టుబట్టారు. జనం వినలేదు.

దారినపోయే
చాక్‌పీసు గారితో సగమే ఏకీభవిస్తాను. మన ఆఫీసుల్లో మనవాళ్ళు మనవాళ్ళకి రాసుకునే ఇంగ్లీషులో హ్యాడ్ బెటర్‌కి ఆ పదును ఎక్కడుంది? ‘చూసుకుంటే బెటర్’ అని తెలుగులో అనుకుని దాన్నే ఇంగ్లీషులో పెడతారు. చదివేవాడూ దాన్ని తెలుగులోకి మార్చుకునే చదువుతాడు. ఇద్దరికీ అర్థమయ్యాక దొరగారి చెవి ఎందుకు మధ్యలో?

చాక్‌పీసు
మెయిల్ ఆ ఇద్దరి దగ్గరే ఆగితే మీరన్నది నిజమే. ఫార్వర్డ్ అవుతుందే, అదీ టెన్షన్.

అనువాదకురాలు
దారినపోయే గారు చెప్పినదాంట్లో అసలు విషయం ఒకటుంది. తెలుగులో మనం వాడే బెటర్ వేరు, ఇంగ్లీషు బెటర్ వేరు. “వెళ్ళకపోవడమే బెటర్” అన్నప్పుడు మనం రెండింటిని పోల్చి ఒకటి ఎంచుకుంటున్నాం, అంతే. అందులో బెదిరింపు లేదు. ఆ ‘-డమే’ లోని ఏకారమే మొత్తం బరువు మోస్తోంది. ఇంగ్లీషులో దీనికి దగ్గరగా వచ్చేది “ఇట్ వుడ్ బి బెటర్ నాట్ టు గో”. హ్యాడ్ బెటర్ కాదు. మెత్తగా చెప్పాలనుకునేవాళ్ళకి ఈ ‘ఇట్ వుడ్ బి బెటర్’ చాలు.

నా పనిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకో బెటర్. డాక్టర్లు రాసిన కాగితాలు అనువదిస్తుంటాను. “షి ఈజ్ బెటర్” అని ఉంటుంది. తగ్గిపోయిందా, తగ్గుముఖం పట్టిందా? రెండు అర్థాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. “డోంట్ గో బ్యాక్ టు వర్క్ అంటిల్ యూ ఆర్ బెటర్” అంటే పూర్తిగా తగ్గేదాకా పనికి వెళ్ళొద్దని. నిన్నటికంటే కాస్త తేలిగ్గా ఉందని ఇవాళే వెళ్ళిపొమ్మని కాదు. “షి ఈజ్ బెటర్ టుడే, బట్ నాట్ వెల్ యెట్” లో మాత్రం కాస్త తేలికపడింది, ఇంకా తగ్గలేదు.

తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. బెటర్ ముందు ‘మచ్’ పెట్టి చూస్తాను, తర్వాత ‘కంప్లీట్లీ’ పెట్టి చూస్తాను. మచ్ బెటర్ అంటే పోలిక, జబ్బు ఇంకా కొంత ఉండొచ్చు. కంప్లీట్లీ బెటర్ అంటే కోలుకున్నట్టే. ఆ వాక్యంలో ఏది అతికితే అదే అర్థం. రెండూ అతికితే డాక్టరుకి ఫోన్ చేయడమే.

చిలిపిచుక్క
నెవర్ బెటర్ అని రాస్తే ఏం చేస్తారు? “హౌ ఆర్ యూ” అంటే ఒకాయన “నెవర్ బెటర్” అన్నాడు. అయ్యో పాపం, ఎప్పటికీ బాగుపడడా అనుకున్నాను.

అనువాదకురాలు
హహ. ఇంతకంటే బాగా ఎప్పుడూ లేను అని. వెనక దాక్కున్న ‘ఇంతకంటే’ దొరికితే అర్థం తిరగబడుతుంది. ‘కుడ్‌న్ట్ బి బెటర్’ కూడా అంతే.

పాతపుస్తకం
అమ్మా, ఆ కాగితాల్లో బెటర్‌కి మీరు ఏ మాట వాడతారు? ‘నయం’ వాడితే మీ ఇబ్బంది సగం తీరిపోతుంది కదా. నాకు తెలిసి బెటర్‌కి అన్నివైపులా సరిపోయే తెలుగు మాట అదొక్కటే. “నిన్నటికంటే నయం” అంటే పోలిక. “జబ్బు నయమైంది” అంటే పూర్తిగా పోయింది. ఇంగ్లీషు మాటలో ఉన్న రెండు అర్థాలూ మన మాటలోనూ ఉన్నాయి. కాకపోతే మనం క్రియతో విడదీసి చూపిస్తాం. నయంగా ఉంది వేరు, నయమైంది వేరు.

శబ్దశాల
పాతపుస్తకం గారూ, మీ మాటకి ఇంకో బలం. బెటర్ పుట్టిన ధాతువులోంచే పాత ఇంగ్లీషులో ‘బోట్’ అనే మాట వచ్చింది. దానికి చికిత్స, పరిహారం, నష్టం పూడ్చడం అని అర్థాలు. ఇప్పటికీ ‘టు బూట్’ అనే పలుకుబడిలో అది మిగిలి ఉంది. ‘దానికి తోడు’ అని అర్థం. కాలికి తొడుక్కునే బూటుతో దానికి సంబంధం లేదు. అంటే బాగవడం, బాగు చేయడం అనే భావం బెటర్‌కి పుట్టుకతోనే ఉంది.

దారినపోయే
నయం అనే మాటలో ఒక వెటకారం ఉంటుంది, అది బెటర్‌లో లేదు. “వాడికంటే వీడు నయం” అంటే వీడు మంచివాడని కాదు. ఇద్దరూ దొందూ దొందే, వీడు కాస్త తక్కువ దొంగ అని.

పాతపుస్తకం
లేకేం, ఉంది. 35 మార్కుల కంటే 40 మార్కులు బెటర్ అన్నంత మాత్రాన 40 మంచి మార్కులని ఎవరూ అనరు. పోలిక చెప్పే మాట ఏదైనా ఎటువైపు ఎక్కువో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. అయితే తెలుగులో మనకి మెట్లు ఉన్నాయి. ‘నయం’ అంటే రెండూ అంతంతమాత్రమే. ‘మేలు’ అంటే ఎంచుకున్నది నిజంగా మంచిదే. ‘మెరుగు’ అంటే అదే వస్తువు మునుపటికంటే బాగుపడింది. ఇంగ్లీషువాడు మూడింటికీ బెటర్ అంటాడు, మనం సందర్భాన్ని బట్టి ఏరుకోవాలి.

మేలు సంగతికొస్తే, శకుంతల దుష్యంతుడికి సత్యం విలువ చెప్పే పద్యంలో నన్నయ ఈ ‘కంటె... మేలు’ తోనే మెట్లు కట్టాడు. నూరు నూతులకంటె ఒక బావి, నూరు బావులకంటె ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటె ఒక నిజమైన మాట. పోలిక మీద పోలిక కట్టుకుంటూ పోయినా మేలు అనే మాట రూపం మారలేదు. ఇంగ్లీషులో గుడ్ బెటర్ అయి బెస్ట్ కావాలి. మనకి మాట మారదు, భారమంతా ‘కంటె’ మీదే. వలనన్, కంటెన్, పట్టి అని బడిలో వల్లించిన పంచమీ విభక్తి అదే.

మూడోబెంచీ
అసలు గుడ్ బెటర్ ఎలా అవుతుంది సార్? టాల్ టాలర్ అయింది. గుడ్ గుడర్ కావాలి కదా. నా చిన్నప్పట్నుంచీ ఈ అన్యాయం చూస్తున్నాను.

శబ్దశాల
గుడ్ ఒక ధాతువు, బెటర్ ఇంకో ధాతువు. రెండు వేరు వేరు మాటలు ఒకే వరసలో కూర్చున్నాయి. జర్మన్‌లో గూట్, బెసర్. ఫ్రెంచ్‌లో బోఁ, మెయ్యర్. లాటిన్‌లో బోనుస్, మెలియోర్, ఆప్టిముస్, అంటే మూడూ మూడు వేరే మాటలు. బాగా ఎక్కువగా వాడే మాటల్లోనే ఇలా జరుగుతుంది. రోజూ నోట్లో నలిగే మాటని ఎవరూ సూత్రం ప్రకారం తయారు చేసుకోరు, ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకుంటారు.

మన దగ్గరా ఉంది. సంస్కృతంలో ‘ప్రశస్య’ అంటే మెచ్చదగినది. దానికి పోలిక రూపం శ్రేయస్, అన్నిటికంటే అయితే శ్రేష్ఠ. ప్రశస్యకీ శ్రేయస్‌కీ చూపులకి ఏ పోలికా లేదు. పాణిని దీనికోసం ప్రత్యేకంగా “ప్రశస్యస్య శ్రః” అని సూత్రం రాసుకోవాల్సి వచ్చింది. అంటే ప్రశస్య స్థానంలో ‘శ్ర’ వచ్చి కూర్చుంటుందని. గుడ్ స్థానంలో బెట్ వచ్చి కూర్చోవడం లాంటిదే ఇది.

చివరి ప్రత్యయాలు చుట్టాలే. బెటర్‌లోని ‘అర్’ కీ సంస్కృతం ‘ఈయస్’ కీ మూలం ఒకటే. “స్వర్గాదపి గరీయసీ” లోని గరీయసి ఆ రూపమే, గురు అనే మాటకి పోలిక. బెస్ట్‌లోని ‘ఎస్ట్’, శ్రేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠల్లోని ‘ఇష్ఠ’ ఒకే కుటుంబం. స్వర్గాత్ అన్నది కూడా పంచమే, పాతపుస్తకం గారు చెప్పిన కంటె దగ్గరికే వచ్చాం.

చిలిపిచుక్క
అయితే ఉర్దూ ‘బెహతర్’ నుంచే బెటర్ వచ్చిందన్నమాట. బెహతర్, బెటర్. పిల్లాడు కూడా చెబుతాడు.

శబ్దశాల
పిల్లాడే చెబుతాడు, అదే చిక్కు. రెండూ పోలినట్టున్నా చుట్టరికం లేదు. బెహతర్ పారశీకం నుంచి వచ్చింది. ‘బెహ్’ అంటే మంచి, ‘తర్’ పోలిక ప్రత్యయం. ఆ తర్ మన గురుతర, మహత్తరల్లోని ‘తర’. బెటర్‌లో ‘టర్’ అనే ప్రత్యయమే లేదు, అక్కడ ‘ట’ ధాతువుది, ‘అర్’ ప్రత్యయం. పారశీకంలో ‘బద్’ అంటే చెడ్డ, ఇంగ్లీషులో బ్యాడ్ అంటే చెడ్డ. అది కూడా కాకతాళీయమే. ఒకేలా వినబడితే ఒకే ఇంటివి అనుకోకూడదు.

చిలిపిచుక్క
సరే, నా సిద్ధాంతం పుట్టిన పూటే పోయింది.

మూడోబెంచీ
వరసగా అడిగేస్తున్నాను. ‘వెరీ బెటర్’ ఎందుకు తప్పు? తెలుగులో ‘చాలా బెటర్’ అంటాం కదా. ‘మోర్ బెటర్’ అంటే మా సార్ కొట్టేవారు, అది అంత ఘోరమా? రెండింట్లో ఒకటి ఎంచుకుంటే ‘ద బెటర్ ఆఫ్ ద టూ’ అనాలా, బెస్ట్ అనకూడదా? ‘బెటర్ దేన్ మి’ నా, ‘బెటర్ దేన్ ఐ’ నా?

చాక్‌పీసు
‘చాలా’ కి తెలుగులో ఎక్కడైనా ప్రవేశం ఉంది. చాలా మంచిది, చాలా నయం, చాలా తిన్నాడు. ఇంగ్లీషులో ఆ పని ఇద్దరు పంచుకున్నారు. వెరీ గుడ్, మచ్ బెటర్. పోలిక రూపం వచ్చాక వెరీ పక్కకి తప్పుకోవాలి. మచ్, ఫార్, ఎ లాట్, ఏ బిట్, స్లైట్లీ, ఈవెన్ వాడుకోండి. ‘ఇంకా బెటర్’ అనడానికి ఈవెన్ బెటర్.

మోర్ బెటర్‌లో పోలిక రెండుసార్లు వచ్చింది కాబట్టి ఈనాటి రాతలో తప్పే. కానీ కొట్టేంత నేరం కాదు. షేక్‌స్పియర్ కాలంలో ఇలా రెండుసార్లు చెప్పడం మామూలే. టెంపెస్ట్ నాటకంలో ప్రాస్పెరో నోటే ‘మోర్ బెటర్’ ఉంది. మీ సార్‌కి చెప్పి చూడండి, నేను చెప్పానని మాత్రం చెప్పొద్దు.

రెండిటికీ బెటర్, రెండుకి మించితే బెస్ట్ అనేది రాతకోతల్లో పాటించే నియమం. మాటల్లో ఇంగ్లీషువాళ్ళే పాటించరు. “పుట్ యువర్ బెస్ట్ ఫుట్ ఫార్వర్డ్” అంటారు. ఉన్నవి రెండే కాళ్ళు.

అనువాదకురాలు
దేన్ మి, దేన్ ఐ విషయంలో నాదొక మాట. మామూలు వాక్యంలో ఏదైనా పర్లేదు, దేన్ మి అనేవాళ్ళే ఎక్కువ. కానీ “షి నోస్ హిమ్ బెటర్ దేన్ మి” చూడండి. నాకంటే ఆమెకి అతను ఎక్కువ తెలుసా, లేక ఆమెకి నాకంటే అతను ఎక్కువ తెలుసా? ఇలాంటిచోట ‘దేన్ ఐ డూ’ అని క్రియ చేర్చండి, గొడవ తీరిపోతుంది. సరదా ఏమిటంటే, పై ప్రశ్నలో తెలుగు వాక్యాలు రెండూ కూడా ఒకేలా ఉన్నాయి! మనకి కూడా ‘నాకు తెలిసినదానికంటే’ అని విప్పి చెప్పక తప్పదు.

శబ్దశాల
‘బెటర్ దెన్’ అని స్పెల్లింగ్ తప్పు రాసేవాళ్ళని చూసి నవ్వకండి. దేన్, దెన్ పూర్వం ఒకటే మాట. “ఇది మేలు, ఆ తర్వాత అది” అనే వరసలోంచి ‘దానికంటే ఇది మేలు’ వచ్చిందని చెబుతారు. స్పెల్లింగులు గట్టిగా విడిపోయింది తర్వాతే.

దారినపోయే
ఇవన్నీ బాగానే ఉన్నాయి. ‘కంటే’ లేకుండా బెటర్ వాడేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరేం? బెటర్ లైఫ్, బెటర్ ఫ్యూచర్, బెటర్ రిజల్ట్స్. ప్రకటన నిండా బెటరే, దేనికంటేనో ఒక్కడూ చెప్పడు. మన పేపర్లకీ అంటుకుంది. “మెరుగైన వైద్యం కోసం తరలించారు.” అక్కడిదాకా చేసిన వైద్యం బాగాలేదనా? ఆ డాక్టరు చదివితే ఏమనుకోవాలి?

అనువాదకురాలు
ఆ వాక్యం మీద నాకూ కోపమే. ‘పెద్ద ఆసుపత్రికి తరలించారు’ అంటే సరిపోతుంది. కానీ ప్రకటనల్లో దేన్ ఎగరగొట్టడం వ్యాకరణ దోషం కాదు, తెలివి. దేనికంటే అన్నది చెబితే నిరూపించమంటారు. చెప్పకపోతే చదివేవాడు తన దగ్గరున్నదాన్నే అక్కడ పెట్టుకుని పోల్చుకుంటాడు.

నీలిసిరా
‘ద బెటర్ పార్ట్ ఆఫ్ ద డే’ అని నిన్న చదివాను. రోజులో మంచి భాగం అంటే ఉదయమా?

చాక్‌పీసు
కాదు, రోజులో ఎక్కువ భాగం. ఇక్కడ బెటర్‌కి గుణంతో పనిలేదు, పరిమాణమే. “వుయ్ వెయిటెడ్ ద బెటర్ పార్ట్ ఆఫ్ ఎన్ అవర్” అంటే దాదాపు గంటసేపు పడిగాపులు కాశామని, ఆ గంటలో సుఖంగా గడిచిన భాగమని కాదు.

చిలిపిచుక్క
మరి బెటర్ హాఫ్? సగం కంటే ఎక్కువ అనా? మా ఇంట్లో లెక్క సరిపోతోంది.

పాతపుస్తకం
ఇక్కడ గుణమే నాయనా. సగం సగమే, అందులో మేలైన సగం ఆవిడ. అయినా ఇంట్లో ఈ లెక్కలు తీయకు.

మూడోబెంచీ
చివరిది. ఒక పాత కథలో ఒకావిడ గురించి “షి ఈజ్ నో బెటర్ దేన్ షి షుడ్ బి” అని ఉంది. ఎలా ఉండాలో అలాగే ఉంది, అంటే పొగడ్తే కదా? రికార్డులో అలాగే రాసేశాను.

అనువాదకురాలు
కొట్టేసి మళ్ళీ రాయండి. అది ఆమె నడవడిక మీద వేసిన నింద. ఎదుట అనలేక చాటుగా అనే మాట. ‘ఆవిడ సంగతి తెలిసిందేగా’ అని మనవాళ్ళు మూతి తిప్పుతూ అంటారే, అది.